ఇంధన మార్గపు బిగింపులకు సేఫ్టీ వైర్: రెండు ప్లయర్స్, ఒక తీగ చుట్ట

సొంతంగా విమానం నిర్మించుకునేవారు కొనుక్కునే పనిముట్ల జాబితాలో సేఫ్టీ వైర్ ప్లయర్స్ సాధారణంగా చివరన ఉంటుంది. రివెట్ల తుపాకీ, డ్రిల్లు, టార్క్ రెంచి వంటివాటికి డబ్బు పోసిన తరువాత, దీనికి మాత్రం దొరికినదేదో చాలులే అనుకుంటారు. ఇంధన వ్యవస్థ దగ్గరకు వచ్చేసరికి ఈ చిన్న పరికరంలోని తేడాలు పనిలో ఎంత స్పష్టంగా బయటపడతాయో చెప్పడం అవసరమని తోచి ఈ సమీక్ష రాస్తున్నాను. టెక్సాస్‌లో నేను నిర్మిస్తున్న రెండు సీట్ల ఆర్‌వి-7 విమానంలో, లైకమింగ్ ఓ-360 ఇంజనుకు ఇంధనం చేరవేసే మార్గంలో నేను వాడినవి మూడు: రెండు దిశలలోనూ పురి తిప్పగల 9 అంగుళాల ప్లయర్స్, అదే రకంలో 6 అంగుళాల చిన్న ప్లయర్స్, ఎంఎస్20995సి32 అనే ప్రమాణానికి చెందిన ఒక పౌండు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్ట. వీటికి ముందు కొన్న ఒక చవక ప్లయర్స్ సంగతి కూడా చెబుతాను. నా తీర్పు ముందే చెప్పాలంటే, ఇంధన వ్యవస్థ కోసం ఒక్కటే కొనగలిగినవారు 6 అంగుళాలదే కొనాలి, దానికి రెండు దిశలూ తిరిగే ఏర్పాటు ఉండి తీరాలి.

ఈ పనితో పరిచయం లేనివారికి రెండు మాటలు. ఇంజను కంపనానికి బోల్టులు, మూతలు, మరలున్న ప్లగ్గులు కొద్దికొద్దిగా వెనక్కి తిరిగి వదులయ్యే ప్రమాదం ఉంటుంది. అవి అలా ఊడిపోకుండా వాటి తలలోని సన్నని రంధ్రం గుండా తీగను దూర్చి, రెండు కొసలనూ కలిపి పురి వేసి, పక్కనున్న మరో బోల్టుకో, కదలని లోహపు చెవికో కడతారు. తీగ లాగే దిశ ఎప్పుడూ మర బిగిసే వైపే ఉండాలి. అప్పుడు ఆ మర వదులు కావాలని చూసిన ప్రతిసారీ తీగ దానిని ఊడిపోనివ్వకుండా పట్టుకుంటుంది. హైదరాబాదులో విమాన నిర్వహణ ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు దీనిని శిక్షణలో భాగంగానే నేర్చుకుంటారు. మాలాంటి ఔత్సాహిక నిర్మాతలు మాత్రం అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1998లో వెలువరించిన ఏసీ 43.13-1బి అనే మార్గదర్శక పత్రాన్ని ముందు పెట్టుకుని, పాత తీగ ముక్కల మీద సాధన చేసి నేర్చుకోవలసి వస్తుంది.

పరికరాల గుణదోషాలలోకి వెళ్లేముందు ఒక విషయాన్ని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా ఈ ప్లయర్స్ కొన్న ప్రతి ఒక్కరికీ కనిపించిన ప్రతి నట్టుకూ తీగ కట్టాలనే ఉత్సాహం కలుగుతుంది. సేఫ్టీ వైర్ బిగింపును ఇవ్వదు, ఇచ్చిన బిగింపును నిలబెట్టదు. వదులైన నట్టు పూర్తిగా ఊడి పడిపోకుండా ఆపడం వరకే దాని బాధ్యత. ఇంధన గొట్టాలు కలిసే చోట్ల ఎక్కువగా ఉండేవి ఏఎన్ అనే విమాన ప్రమాణపు ఫ్లేర్ కలయికలు. వాటిలో గొట్టం కొసను 37 డిగ్రీల కోణంలో గరాటులా విప్పి, స్లీవు అనే చిన్న తొడుగు వెనుక నుండి బి-నట్టు అనే గొట్టపు నట్టుతో అదిమి పట్టిస్తారు. అక్కడ లీకు లేకుండా చూసేది లోహానికి లోహం సరిగా ఆనడం, తగిన టార్క్ (తిప్పి బిగించే బలం), అంతే. 5052-ఓ అల్యూమినియంతో చేసిన 3/8 అంగుళాల గొట్టానికి 75 నుండి 125 అంగుళ-పౌండ్లు, 1/4 అంగుళం గొట్టానికి 40 నుండి 65 అంగుళ-పౌండ్లు అని ప్రామాణిక పట్టికలు చెబుతాయి. ఒక స్పానరుతో ఫిట్టింగును కదలకుండా పట్టుకుని, మరొక దానితో నట్టును ఆ పరిధిలో బిగించి, నట్టు మీదుగా ఫిట్టింగు మీదకు టార్క్ సీల్ రంగుతో ఒక గీత గీస్తే, ఆ తరువాత నట్టు ఏమాత్రం కదిలినా గీత తెగి కనబడుతుంది. కారు దుకాణాలలో దొరికే 45 డిగ్రీల ఫ్లేరు సామగ్రిని దీనితో కలిపి వాడినవారికి ఎంత మంచి తీగ కట్టినా ప్రయోజనం ఉండదు. ఫ్లేరు సన్నబడేంతగా నట్టును అతిగా బిగించినవారికీ అదే గతి.

కాబట్టి నా విమానంలో బయటకు కనబడే బి-నట్టులకు నేను తీగ కట్టలేదు. వాటి మూలలకు రంధ్రాలు వేసి తీగ కడదామని సలహా ఇచ్చేవారు ఉన్నారు. అల్యూమినియం నట్టుకు రంధ్రం వేయడమంటే పలుచని గోడను మరింత పలుచన చేయడం, పైగా డ్రిల్లు రజను ఇంధన మార్గం దగ్గరకు తేవడం. గీతతో, టార్క్‌తో సరిపోయే చోట ఆ పని అనవసరమని నా అభిప్రాయం. దీనికి నేను ఒప్పుకునే మినహాయింపు ఒక్కటే ఉంది, అది రెక్కలోని ట్యాంకు లోపల ఇంధనాన్ని పీల్చే గొట్టపు నట్టు. ట్యాంకు మూత పెట్టి సీలెంటు పూసేశాక ఏళ్ల తరబడి ఆ నట్టును ఎవరూ చూడరు. ఆర్‌వి-7 రెక్కలు కిందివైపు ఉంటాయి కనుక ఇంధనం తనంతట తాను ఇంజనుకు జారదు, పంపు దానిని పైకి పీల్చుకోవాలి. ఆ పీల్చుడు వైపున ఒక నట్టు వదులైతే బయటకు చుక్క కారదు, నేల మీద మరక పడదు. ట్యాంకులో మట్టం తగ్గి నట్టు ఇంధనంలో మునగడం మానిన క్షణం నుండి అది గాలిని పీలుస్తుంది, పంపుకు ఇంధనంతో పాటు బుడగలు అందుతాయి. ట్యాంకులో ఇంకా ఇంధనం ఉండగానే ఇంజను తడబడవచ్చు. అంత దూరం ఆలోచించాక, బల్ల మీద ఉన్నప్పుడే ఆ నట్టు మూలకు జాగ్రత్తగా రంధ్రం వేసి, కడిగి, బిగించి, తీగ కట్టడమే సరైనదనిపించింది. ఈ ఒక్క కట్టు కోసమైనా మంచి ప్లయర్స్ కొనవచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

తీగ తప్పనిసరిగా కావలసిన చోట్లు ఫైర్‌వాల్ (ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనున్న లోహపు గోడ) ముందు, ఇంజను గదిలో ఉంటాయి. ఇంధనంలోని నీటిని, మడ్డిని అడుగున పట్టి ఉంచే గ్యాస్‌కొలేటర్ గిన్నెను ఒక తీగ కమాను, దాని కింద చేతితో తిప్పే నట్టు పట్టుకుని ఉంటాయి. శుభ్రం చేయడానికి మాటిమాటికీ విప్పే నట్టు అది, చేతితోనే బిగించేది, పైగా ఫైర్‌వాల్ మీది కంపనమంతా దానికి తగులుతుంది. ఆ నట్టు ఊడితే గిన్నె పడిపోయి ఇంజను గదిలోకి ఇంధనం ధారగా కారుతుంది. కార్బ్యురేటరులోకి ఇంధనం ప్రవేశించే చోట జాలీని పట్టి ఉంచే ప్లగ్గు, అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు కూడా ఇదే కోవకు చెందుతాయి. ఇవన్నీ మనిషి చేయి తేలికగా దూరని మూలల్లోనే ఉంటాయి. అక్కడే ప్లయర్స్ అసలు పరీక్ష మొదలవుతుంది.

ముందుగా 9 అంగుళాలది. పని చేసే తీరు సరళంగానే ఉంటుంది. తీగ రెండు కొసలనూ దవడల మధ్య పెట్టి నొక్కి, మధ్యనున్న గొళ్లెం జరిపితే పట్టు లాక్ అవుతుంది. వెనుకనున్న గుండీని లాగితే లోపలి మర కడ్డీ బయటకు వస్తూ పరికరం మొత్తాన్ని గిర్రున తిప్పుతుంది, తీగకు పురి పడుతుంది. నేను తీసుకున్న దానిలో గుండీ స్ప్రింగు బలంతో తానే వెనక్కి వెళుతుంది. అది లేని రకంలో ప్రతిసారీ చేతితో నెట్టాలి, నెట్టేటప్పుడు తీగ బిగువు సడలుతుంది. ఈ పరికరం చేతిలో బరువుగా, నిలకడగా ఉంటుంది. దవడలు కొస వరకు సమంగా ఆనుతాయి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే మధ్యలో సందు కనబడదు. ప్రొపెల్లరు బోల్టుల దగ్గర, ఆయిలు ఫిల్టరు దగ్గర, అంటే చుట్టూ ఖాళీ ఉన్న చోట, దీనితో పురి ఎంత సమంగా వస్తుందంటే స్కేలు పెట్టి కొలిస్తే 0.032 అంగుళాల తీగకు శిక్షణలో చెప్పే అంగుళానికి 6 నుండి 8 మెలికల లెక్క ఇట్టే సరిపోతుంది. అయితే గ్యాస్‌కొలేటర్ దగ్గరకు తెచ్చేసరికి దీని పొడవే అడ్డు వస్తుంది. గుండీ లాగినప్పుడు పరికరం వెనుకవైపు మరింత స్థలం కావాలి. ఇంజను మౌంటు గొట్టం ఒకవైపు, కంట్రోలు కేబుళ్లు మరొకవైపు ఉండగా అది తిరగలేక ఆగిపోతుంది. ఆగిన చోట పురి గట్టిపడి, మిగిలిన చోట వదులుగా ఉండిపోతుంది.

6 అంగుళాలది ఈ ఇబ్బందిని దాదాపు పూర్తిగా తీరుస్తుంది. ఒక్కో లాగుకు పడే మెలికలు తక్కువ, కనుక ఎక్కువసార్లు లాగాలి. బహిరంగంగా ఉన్న చోట ఇది విసుగు పుట్టిస్తుందేమో కానీ ఇరుకులో ఇదే మేలు, ఎందుకంటే ప్రతి లాగు తరువాత ఆగి, పురి ఎంత దూరం వచ్చిందో వేలితో తడిమి చూడవచ్చు. ఇంధన ఫిట్టింగుల దగ్గర చాలా కట్లు పొట్టివి, రంధ్రం నుండి చెవికి మధ్య దూరం ఒకటి రెండు అంగుళాలే ఉంటుంది. అంత తక్కువ దూరంలో ఒక లాగు ఎక్కువైతే పురి అతిగా పడి స్టెయిన్‌లెస్ తీగ పెళుసుబారుతుంది. అలాంటి తీగ బల్ల మీద తెగితే అదృష్టమే, గాలిలో తెగితే ఎవరికీ తెలియదు. చిన్న ప్లయర్స్ దవడ కొన సన్నగా ఉండడం వల్ల గిన్నె కింద నట్టుకున్న రెక్క పక్కనుండి తీగను లాగి పట్టుకోవడం కూడా సులువైంది. దీని లోపం ఒక్కటి చెప్పాలి, పక్కనున్న కత్తెర అంచు 0.041 అంగుళాల మందపు తీగను కోయడానికి కొంచెం కష్టపడుతుంది. ఇంధన వ్యవస్థలో అంత మందపు తీగ అవసరం నాకు రాలేదు, కాబట్టి దీనికి నేను మార్కులు తగ్గించడం లేదు.

రెండు దిశలు తిరిగే ఏర్పాటు గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే కొనేవారు డబ్బు ఆదా చేద్దామని వదిలేసేది దీనినే. రెండు బోల్టులను జతగా కట్టేటప్పుడు మొదటి బోల్టు నుండి రెండవదానికి ఒక దిశలో పురి వేసుకుంటూ వెళతాము. రెండవ బోల్టు తల చుట్టూ తీగ తిప్పాక పురి దిశ మార్చితేనే ఆ చుట్టు తల అడుగున అణిగి ఉంటుంది. మార్చకపోతే చుట్టు పైకి జారి తల మీదుగా లేచిపోతుంది, అప్పుడు తీగ ఉన్నా లేనట్టే. ఒకే దిశలో తిరిగే ప్లయర్స్‌తో ఆ రెండవ భాగాన్ని చేతివేళ్లతో తిప్పుకోవలసి వస్తుంది. చేతితో వేసిన పురి తప్పేమీ కాదు, అనుభవం ఉన్న మెకానిక్కులు మామూలు ప్లయర్స్‌తోనే చక్కగా వేస్తారు. కానీ ఇంజను కింద పడుకుని, చేయి మడిచి, కనబడని చోట వేసేటప్పుడు యంత్రం సహాయం ఎంత విలువైనదో అప్పుడు తెలుస్తుంది. నా దగ్గరున్న రెండింటిలోనూ దిశ మార్చే మీట చేతి తొడుగుతో కూడా కదులుతుంది, పనిమధ్యలో దానంతట అది జారలేదు.

ఇక చవకది. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఇరవై, ముప్పై డాలర్ల మధ్య ధరకు తీసుకున్న ఆ ప్లయర్స్‌లో దవడల గరుకు పళ్లు మరీ పదునుగా ఉన్నాయి. పట్టిన చోటల్లా తీగ మీద గాట్లు పడ్డాయి. గాటు పడిన తీగ కంపనానికి సరిగ్గా అక్కడే తెగుతుంది, కనుక దవడ పట్టిన భాగం చివరకు కత్తిరించి పారేసే కొసలోనే ఉండాలి. దీనితో ఆ జాగ్రత్త పాటించడం కూడా కష్టమైంది, ఎందుకంటే లాక్ గొళ్లెం లాగేటప్పుడు జారిపోయేది, మళ్లీ పట్టుకోవాలంటే కట్టుకు దగ్గరగా పట్టుకోవలసి వచ్చేది. మర కడ్డీకి నూనె వేశాక కొంత మెరుగుపడింది, జారుడు మాత్రం పోలేదు. మోటారు సైకిలు పందేలకు అలాంటివి వాడి తృప్తి పడేవారు ఉండవచ్చు. ఇంధన మార్గానికి మాత్రం దానిని వాడవద్దని స్పష్టంగా చెబుతున్నాను. మంచి ప్లయర్స్ ధర వంద డాలర్లు దాటుతుంది నిజమే, కానీ విమానానికి అయ్యే మొత్తంలో అది లెక్కలోకి రాదు, వాడుకలో దశాబ్దాలు నిలిచే వస్తువు అది. పాత మెకానిక్కులు వాడి అమ్మేసిన అమెరికా తయారీ ప్లయర్స్ దొరికితే, దవడలు సమంగా ఆనుతున్నాయో లేదో, లాక్ నిలుస్తోందో లేదో చూసి నిశ్చింతగా కొనవచ్చు.

తీగ విషయంలో నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. ఎంఎస్20995 అన్నది ప్రమాణం పేరు, దాని తరువాతి సి అక్షరం తుప్పు పట్టని ఉక్కును, 32 అంకె 0.032 అంగుళాల మందాన్ని, అంటే సుమారు 0.8 మిల్లీమీటర్లను సూచిస్తాయి. ఒక పౌండు చుట్టలో దాదాపు 350 అడుగుల తీగ ఉంటుంది, ఒక విమానానికి కావలసినదానికంటే అది చాలా ఎక్కువ. అందుకే ఒకసారి కట్టిన తీగను విప్పి మళ్లీ వాడాలనే ఆలోచనే రానక్కరలేదు, నియమం కూడా ప్రతిసారీ కొత్త తీగనే వాడాలని చెబుతుంది. ఈ చుట్ట డబ్బాలో వస్తుంది, మధ్య రంధ్రం నుండి కావలసినంత లాగుకోవచ్చు. డబ్బా తీసేస్తే మాత్రం చుట్ట స్ప్రింగులా విచ్చుకుని చిక్కులు పడుతుంది, కనుక దానిని అందులోనే ఉంచాలి. తీగ మెత్తగా వంగుతుంది, వంచిన ఆకారంలోనే నిలుస్తుంది, పురి వేసేటప్పుడు ఎదురు తిరగదు. ప్రమాణం పేరు ముద్రించని తీగ చుట్టలు తక్కువ ధరకు కనబడతాయి. వాటి గట్టిదనం ఎంతో, లోహం ఏమిటో తెలుసుకునే మార్గం కొనేవారికి ఉండదు, కాబట్టి వాటి జోలికి వెళ్లకపోవడం మంచిది. రంధ్రం ఇరుకుగా ఉన్న చోటుకు 0.025 అంగుళాల చిన్న చుట్ట ఒకటి దగ్గర ఉంటే సరిపోతుంది. అత్యవసర మీటలకు కట్టే, లాగగానే తెగిపోవలసిన రాగి తీగ వేరు, దానిని ఇంధన ఫిట్టింగులకు కట్టకూడదు.

ఎంత మంచి పరికరమైనా చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. బోల్టు టార్క్‌కు వచ్చాక రంధ్రం అనుకూలమైన వైపుకు తిరగకపోతే, దానికోసం బోల్టును మరికొంత బిగించడం, లేదా కొంచెం వదులు చేయడం రెండూ తప్పే. బోల్టునో వాషరునో మార్చి చూడాలి, లేదా తీగ దారిని మార్చాలి. దూరదూరంగా ఉన్న బోల్టులను వరుసగా కట్టేటప్పుడు ఒకే తీగ మీద మూడింటికి మించకూడదు. చివర మిగిలే తోకను పావు అంగుళం నుండి అర అంగుళం వరకు, మూడు నుండి ఆరు మెలికలతో ఉంచి, కొసను లోపలికి మడవాలి, లేకపోతే తరువాత ఆ చోట చేయి పెట్టినవారి వేళ్లు తెగుతాయి. కత్తిరించిన ముక్క ఎగిరి కంట్లో పడవచ్చు, ఇంజను గదిలో ఏ మూలనో పడి దాక్కోనూవచ్చు. నా 9 అంగుళాల దానిలో కత్తెర అంచుల పక్కన రబ్బరు మెత్తలు ఉన్నాయి, అవి తెగిన ముక్కను పట్టి ఉంచుతాయి. చిన్నదానిలో అవి లేవు, అందుకని కత్తిరించేటప్పుడు ముక్కను రెండవ చేతితో పట్టుకుంటాను, కళ్లద్దాలు మాత్రం రెండింటికీ పెట్టుకుంటాను. తయారీదారు చిన్న రకానికి కూడా ఆ మెత్తలు అమర్చి ఉంటే నేను పూర్తి మార్కులు ఇచ్చేవాడిని.

అమెరికాలో ఔత్సాహికులు నిర్మించే ఈ విమానాలకు ఏడాదికి ఒకసారి పరీక్ష తప్పనిసరి, నిర్మించిన వ్యక్తి మరమ్మతుదారు ధ్రువపత్రం పొందితే తన విమానానికి ఆ పరీక్ష తానే చేసి సంతకం పెట్టవచ్చు. ప్రతి పరీక్షలో గ్యాస్‌కొలేటర్ గిన్నె విప్పాలి, కార్బ్యురేటరు జాలీ శుభ్రం చేయాలి, తీగ కత్తిరించి మళ్లీ కొత్తది కట్టాలి. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలుకు నీలి రంగు కలుపుతారు కనుక ఫిట్టింగు చుట్టూ నీలి మరక కనబడితే లీకు ఉన్నట్టే, దానికి తీగను దోషిగా చూడకుండా ఫ్లేరును, మరను, టార్క్‌ను తిరిగి పరీక్షించాలి. అంటే ఈ ప్లయర్స్ నిర్మాణం ముగియగానే పెట్టెలోకి వెళ్లే వస్తువు కాదు, విమానం ఎగిరినన్నాళ్లూ ఏడాదికోసారి చేతికి వచ్చేది. ఆ లెక్కన 6 అంగుళాల ప్లయర్స్‌కు ఐదింటికి నాలుగున్నర, 9 అంగుళాలదానికి ఇంధన వ్యవస్థ వరకు మూడు, ప్రొపెల్లరు, ఆయిలు ఫిల్టరు పనులకు ఐదు, తీగ చుట్టకు ఐదుకు ఐదు ఇస్తున్నాను. కొత్తగా కొన్నవారు విమానం మీదకు వెళ్లేముందు ఒక ఇనుప పట్టీకి రంధ్రాల తలల బోల్టులు బిగించి, బల్ల మీద కొన్ని కట్లు వేసి, వాటిని ఈఏఏ అనే ఔత్సాహిక విమాన నిర్మాతల సంఘపు సాంకేతిక సలహాదారు ఒకరికి చూపించుకుంటే మంచిది. ఆ సలహాదారులు ఈ సేవకు డబ్బు తీసుకోరు.